అత్త గడప దాటిపోయిన ఘటం

మా మేనత్త పోయిందని పొద్దున్నే బరంపురంలో నాకు ఫోనొచ్చింది. "అప్ప ఎల్లిపోనాదే," అన్నాడు నాన్న. ఫోన్ పెట్టేశాడు.

అత్త ఛత్రపూర్ దారిలోని మా ఊరికి వార్డు మెంబరు. ఒడియాలో బేరమాడేది, తెలుగులో తిట్టేది. దీపం పెట్టందే టీ ముట్టేది కాదు. ఠాకురాణి జాతరకి అమ్మవారు పుట్టింటికి వస్తుందని మా నమ్మకం. ఆవిడకి గుర్తుగా అలంకరించిన ఘటాన్ని తలమీద పెట్టుకుని వీధంతా తిరుగుతారు. గడపగడపకీ పసుపునీళ్ళతో ఆ మోసినావిడ కాళ్ళు కడుగుతారు. మా వీధి ఘటం ఎప్పుడూ అత్తదే.

అలాంటి మనిషి గుడికి అడ్డుపడిందన్నారు!

ఊళ్ళో మంచినీళ్ళ గొట్టం వెయ్యడానికి పంచాయతీకి డబ్బొచ్చింది. మాకైనా నుయ్యి ఉంది. చర్చి వీధివాళ్ళకి ఉప్పునీళ్ళ బోరింగే గతి. పెద్దలు ఆ డబ్బుతో గుడి దారి మొదట్లో అమ్మవారికి పెద్ద ద్వారం కట్టిద్దామన్నారు. మీటింగులో అందరూ చేతులెత్తారు, అత్త తప్ప.

"ఏటప్పా, అమ్మోరికే కాదంతావా?" అన్నారెవరో.

"అమ్మోరు మనింటి ఆడపిల్ల. ఆడపిల్ల పుట్టింటికొత్తే సీర సర్కారోడ్ని ఎట్టమంతామేటి? కావాలంటే నా గొలుసు తీసుకోండి. గొట్టం డబ్బు చర్చి ఈధోళ్ళది కూడానర్రా!"

ద్వారం లేచింది. ఆ ఏడు ఘటం వేరే ఇంటికి పోయింది. ఆ కబురు మోసుకొచ్చింది సొంత తమ్ముడే, మా నాన్న. అత్త వెక్కివెక్కి ఏడ్చింది. నాకు ఒళ్ళు మండి, "నువ్వూ ఓ చెయ్యెత్తేస్తే పోయేది కదత్తా," అన్నాను.

"నాకు ఓటేసినోళ్ళలో అమ్మోర్ని మొక్కనోళ్ళూ ఉన్నారు. ఆళ్ళ సెయ్యి నేనెలా ఎత్తనే?"

ఆ తర్వాత కూడా ప్రతి జాతరకీ గడపలో పసుపునీళ్ళు పెట్టుకుని కూర్చునేది. ఘటం ఆగకుండా దాటిపోయేది.

నిజం చెప్పొద్దూ, ఆ ద్వారం అందంగానే ఉంటుంది. దండం పెట్టకుండా నేనూ దాటలేను. దాని కింద ఖాళీ బిందెలతో వెళ్ళేవాళ్ళు ఎదురైతే మాత్రం చేతులు సగంలో ఆగిపోతాయి. అత్తది తప్పని ఈ రోజుకీ అనేవాళ్ళతో వాదించలేక, ఊరుకోలేక సతమతమవుతున్నాను.

నేను వెళ్ళేసరికి అత్త ఆఖరి స్నానానికి ఏర్పాట్లు చేస్తున్నారు. ఇంతలో ద్వారం కిందుగా చర్చి వీధి ఆడవాళ్ళు వరసగా వచ్చారు. ఎంతో దూరం నుంచి మోసుకొచ్చిన మంచినీళ్ళ బిందెలు తలలమీద ఉన్నాయి. నాన్న గడపలో అడ్డంగా నిలబడ్డాడు.

"ఆళ్ళ నీళ్ళేటి, మనకేటి?" అని గొణిగాడొక పెద్దాయన.

"మెంబరమ్మకి మా ఉప్పునీళ్ళు పోత్తామేటి బాబూ?" అంది ముందున్నావిడ.

నాన్న గడపలోంచి పక్కకి తప్పుకున్నాడు. నేను పసుపునీళ్ళ చెంబు తెచ్చి ఆవిడ కాళ్ళమీద పోశాను. వెనకాల వాళ్ళకీ పోశాను. ఆ తడి పసుపు అడుగులు అత్త దగ్గరికి వెళ్ళాయి. నాన్న వాటిని తొక్కకుండా గోడవార నిలబడిపోయాడు.