చిన్నయ్య చెప్పిన కుడి

గోపీచంద్ తొమ్మిదేళ్లుగా ఒక వీడియో గేమ్ కోసం ఎదురుచూస్తున్నాడు. ఈ మాట వర్ని దగ్గర, కోస్తా నుంచి వలస వచ్చిన రైతులు కట్టుకున్న ఆయన క్యాంపులో ఎవరి చెవిన పడినా ముందు నవ్వుతారు, తరువాత జాలిపడతారు, చివరికి హితం చెబుతారు. నలభై ఒక్క ఏళ్లవాడు, ఏడెకరాల వరి, ఇద్దరు ఆడపిల్లల తండ్రి. అలాంటివాడికి ఆటలేమిటని వాళ్ల ప్రశ్న. అడిగేవాళ్లలో సగంమంది పండగొస్తే మూడు రోజులు వరసగా పేక ముందు నుంచి లేవరు. పేకాట సంప్రదాయం కిందికి వస్తుంది కాబట్టి దానికి వయసు అడ్డం రాదు.

ఆట పేరు రఫ్ స్టేజ్. ర్యాలీ కార్ల ఆట. ఇందులో గుండ్రటి ట్రాక్ ఉండదు, పక్కన పోటీ కారూ ఉండదు. మట్టిదారి, కంకరదారి, మంచుదారి. మలుపు వెనక ఏముందో తెలియదు. డ్రైవరు పక్కన ఇంకొకడు కూర్చుని, రాబోయే మలుపు కుడికా ఎడమకా, ఎంత దూరంలో, ఎంత వంపు అని కాగితం చూసి చదువుతుంటాడు. వాడి నోటిని నమ్మి తోలడమే ఆట. మొదటి భాగంలోని దారులన్నీ గోపీచంద్‌కు కంఠతా వచ్చు. ఫిన్లాండ్‌లో ఏ గుట్ట మీద కారు ఎగురుతుందో, కెన్యాలో ఏ వాగు దగ్గర దిగబడుతుందో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. ఆ మనిషి తన జన్మలో హైదరాబాద్ వెళ్లిందే ఆరేడుసార్లు.

రెండో భాగం తెస్తున్నామని మొదటిసారి ప్రకటించేనాటికి ఆయన చిన్నకూతురు పుట్టలేదు. ఇప్పుడా పిల్ల మూడో తరగతి. ఈలోగా కంపెనీ నాలుగుసార్లు తారీఖు చెప్పి నాలుగుసార్లు మార్చింది. మార్చినప్పుడల్లా ఒక గడ్డం మనిషి వీడియోలోకి వచ్చి, మీ సహనానికి కృతజ్ఞతలంటాడు. సహనం ఎవరు చూపించారు? వేరే దారి లేక కూర్చున్నారు. గోపీచంద్ భార్య ఉదయశ్రీ ఆ వీడియోలు తనూ చూసేది. మూడోసారికి విసుగొచ్చి, "ఆయనకి గడ్డం నెరిసిపోతోంది కానీ ఆట మాత్రం రావట్లేదండీ" అంది.

ఈ జనవరిలో అదే గడ్డం మనిషి కొత్త మాట చెప్పాడు. ప్రపంచంలో ఎక్కడివాళ్లయినా తమ ఊరి మట్టిదారిని వీడియో తీసి పంపవచ్చు. నచ్చిన పన్నెండు దారుల్ని రెండో భాగంలో పెడతారు. షరతు ఒక్కటే: ఆ దారి తెలిసిన స్థానికుడు డ్రైవరు పక్కన కూర్చుని, తన భాషలో మలుపులు చెప్పాలి. ఆ గొంతే ఆటలోకి ఎక్కుతుంది. గడువు ఫిబ్రవరి నెలాఖరు.

గోపీచంద్ ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు. ఆయన మనసులో దారి ఒక్కటే: కాలువ గట్టు. నిజాంసాగర్ నీళ్లు వచ్చే కాలువకు ఎడమ గట్టు మీద, పదకొండు కిలోమీటర్లు, ఎర్రటి కంకర, ముప్పైమూడు మలుపులు. ఒక పక్క నీళ్లు, ఒక పక్క పొలం, మధ్యలో ట్రాక్టరు పట్టేంత వెడల్పు. చిన్నప్పుడు గోపీచంద్ తండ్రి వెంకటసుబ్బారావు పక్కన కూర్చుని, చెరకు ట్రాలీతో బోధన్ ఫ్యాక్టరీకి ఆ గట్టు మీదే వెళ్లేవాడు. పదకొండేళ్లకే స్టీరింగ్ పట్టిందీ అక్కడే. ఫ్యాక్టరీ మూతపడింది, చెరకు పోయి వరి వచ్చింది, తండ్రి పోయాడు. గట్టు మాత్రం మిగిలింది. ఇప్పుడు దానికీ డాంబరు మంజూరైంది. శివరాత్రి దాటగానే పని మొదలు. కంకర కుప్పలు అప్పటికే దిగాయి. డాంబరు పడితే ఊరికి మంచిదే. ఆటకు మాత్రం పనికిరాదు.

గట్టు తెలిసినవాడంటే చిన్నయ్యే. ముప్పై ఒక్క ఏళ్లు కాలువ మీద లష్కర్‌గా చేశాడు. తూముల షట్టర్లు ఎత్తడం, దించడం, నీళ్లు దొంగిలించేవాళ్లతో తగాదా పడటం ఆయన ఉద్యోగం. రిటైరై ఆరేళ్లయింది. గోపీచంద్ వెళ్లేసరికి ఆయన భార్య భీమవ్వ గడప దగ్గర చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది.

"గా ఆటల నన్నేం జెయ్యమంటవ్?" అన్నాడు చిన్నయ్య.

"నా పక్కన కూర్చుని మలుపులు చెప్పాలి కాకా. అంతే."

"నడిపేటోనికి కండ్లు లేవా?"

"ఉన్నాయి. ఆటలో అట్లాగే ఉంటుంది."

భీమవ్వ తల ఎత్తకుండానే అందుకుంది. "కండ్లున్నోల్లకు తొవ్వ జెప్పుడు గీయనకు కొత్తనా? ముప్పై ఏండ్లు ఇంజనీర్లకు గదే జేసిండు."

మర్నాడు పొద్దున్నే పాత ఆల్టో అద్దానికి ఫోను బిగించి, గోపీచంద్ గట్టు దిగువ కొస నుంచి డ్యామ్ వైపు బయలుదేరాడు. పక్కన చిన్నయ్య, ఇస్త్రీ చొక్కా, మెడలో మఫ్లర్. కాగితం అక్కర్లేదన్నాడు. మొదటి తూము వచ్చింది.

"తూము దాటంగనే కుడి! జోర్దార్ కుడి!"

గోపీచంద్ తొమ్మిదేళ్ల సాధనంతా చేతుల్లోకి తెచ్చుకుని కుడికి తిప్పాడు. గట్టు ఎడమకు తిరిగింది. ఆల్టో కంకర మీంచి జారి, వాలులో దిగి, పరమేశ్వర్ వరిమడిలో బురద చిమ్ముతూ ఆగింది. మడి ఆ చివర పార పట్టుకుని నిలబడ్డ పరమేశ్వర్ తాపీగా వచ్చి, ఇద్దర్నీ చూసి, "ఏందన్నా, కోతకింక నెల ఉంది గదా!" అన్నాడు.

"కుడి అన్నావు కదా కాకా!"

"అన్న. కుడే గద! నువ్వెందుకు ఎడమకు పోయినవ్?"

"నేను పోయింది కుడికి!"

"గిది ఎడమ గట్టు. గట్టు ఎడమ అయితే నీళ్లు ఏ దిక్కున్నట్టు? కుడి దిక్కు. నేను నీళ్ల దిక్కు తిరుగుమన్న, నువ్వు పొలంల దింపినవ్!"

పరమేశ్వర్ ట్రాక్టరు తెచ్చి కారు లాగేదాకా ఈ వాదన సాగింది. విషయం ఇది. కాలువ శాఖలో కుడీ ఎడమా మనిషివి కావు, నీటివి. నీళ్లు పారే వైపు ముఖం పెట్టి నిలబడితే ఏ చెయ్యి ఎటుంటే అదే కుడి, అదే ఎడమ. తూముల మీద నంబర్లు, ఆఫీసు రిజిస్టర్లు, మ్యాపులు, అన్నీ ఆ లెక్కే. నువ్వు ఎదురు నడిచినా, తలకిందులుగా నిలబడినా ఎడమ గట్టు ఎడమ గట్టే. చిన్నయ్య ముప్పై ఒక్క ఏళ్లు ఆ ఎడమతోనే బతికాడు. ఆల్టో నీటికి ఎదురు పోతోంది కాబట్టి ఆయన చెప్పే ప్రతి మలుపూ తలకిందులే.

"పోనీ, కారు లెక్కన చెప్పు కాకా. కారుకి ఏది కుడో అది."

"కారు ఇటు తిరిగితే ఒక కుడి, అటు తిరిగితే ఒక కుడి. అది గూడ ఒక కుడేనా? నీళ్లు నీలెక్క మాట మార్చయ్."

గోపీచంద్ బురద బట్టలతో ఇంటికొచ్చి, ఇరవై నిమిషాలు చిన్నయ్యను తిట్టాడు. ఉదయశ్రీ బట్టలు నానబెడుతూ అంతా విన్నది.

"డ్యామ్ వైపు నుంచి కిందికి రావచ్చు కదండీ? అప్పుడు ఆయన కుడీ మీ కుడీ ఒకటే అవుతాయి."

ఎడమ అనాల్సిన చోట కుడి అనడం గురించి రెండు గంటలు కొట్లాడిన మగవాళ్లిద్దరికీ బండి తిప్పుకోవచ్చన్న ఆలోచన రాలేదు. "అదే అనుకుంటున్నా" అన్నాడు గోపీచంద్. ఉదయశ్రీ అతని ముఖం చూసి, సబ్బు కోసం లోపలికి వెళ్లింది.

రెండోసారి కిందికి వచ్చారు. చిన్నయ్య గొంతు అద్భుతంగా ఉంది. "ముంగట తూము, సన్నగ ఎడమ... గా ఎండిన తుమ్మచెట్టు కాడ కుడి, పైలం, కంకర జారుతది..." ఇరవై రెండో మలుపు దాకా గోపీచంద్ ఒక్కచోట తడబడలేదు. అక్కడ చిన్నయ్య "ఆపు!" అని అరిచాడు. కారు ఆగేలోపే దిగి, తూము దగ్గరికి పరిగెత్తి, షట్టరు కింద ఎవరో పెట్టిన బండరాయి లాగడం మొదలుపెట్టాడు.

"కాకా! వీడియో నడుస్తోంది! నువ్వు రిటైరై ఆరేళ్లయింది!"

"నేనైన. తూము కాలే."

మూడోసారి పూర్తయింది. గడువుకు రెండు రోజుల ముందు వీడియో వెళ్లింది. వెళ్లాక గోపీచంద్ రోజుకు పదిసార్లు మెయిల్ చూసుకునేవాడు. మడికి నీళ్లు పెడుతూ చూసేవాడు, మందు పిచికారీ మధ్యలో గ్లౌజు తీసి చూసేవాడు. కాలువకు నీళ్లెప్పుడు వదులుతారో తెలియక వారాలు గడపడం ఆ ఇంట్లో మూడు తరాల అలవాటు. ఈ ఎదురుచూపు మాత్రం ఆ లెక్కలోకి రాదు. నీళ్లు రాకపోతే ఆఫీసు ముందు కూర్చోవచ్చు. ఈ కంపెనీ ఆఫీసు ఏ దేశంలో ఉందో కూడా ఆయనకు సరిగ్గా తెలియదు.

పన్నెండో రోజు జవాబొచ్చింది. దారి చాలా నచ్చింది. ఆ పెద్దాయన గొంతు ఇంకా నచ్చింది. ఎంపిక దాదాపు ఖాయం. ఒక చిన్న విన్నపం: ఆటలో ప్రతి దారినీ రెండు వైపులా నడుపుతారు కాబట్టి, ఎదురు దిశలో కూడా అదే గొంతుతో వారంలోగా పంపితే సంతోషం.

గోపీచంద్ ఆ మెయిల్ మూడుసార్లు చదివాడు. సంతోషించాలో నెత్తి బాదుకోవాలో తెలియలేదు. అదే రోజు గట్టు మొదట్లోకి రోలర్ వచ్చింది. సోమవారం నుంచి డాంబరు.

చిన్నయ్య విని అడ్డంగా తల ఊపాడు. "నేనొస్త. గని ఎడమను కుడి అని మాత్రం అన. నా గొంతు లోకమంత ఇంటదంటివి. మా ఆఫీసోల్లు ఇంటే ఏమనుకుంటరు? చిన్నయ్యకు రిటైర్ కాంగనే మతి పోయిందనరా?"

"వాళ్లెవరూ ఈ ఆట ఆడరు కాకా!"

"ఆడరని నీకెట్ల ఎరుక? నువ్వు ఆడుతవని ఎవరనుకున్నరు?"

గోపీచంద్ మెట్టు మీద కూలబడి, "ఒక్కరోజు, కాకా, ఒక్క గంట..." అని బతిమాలడం మొదలుపెట్టాడు. పౌరుషం గల మనిషి, ఎరువుల దుకాణంలో కూడా బేరమాడనివాడు, తూముల మనిషి ముందు చేతులు జోడించాడు. చిన్నయ్య ముఖం తిప్పుకున్నాడు.

భీమవ్వ చేతిలో బీడీకి దారం చుట్టి చాటలో పడేసింది.

"ఏమయ్యా, ఇరవై ఏండ్లు గా గట్టు మీద నీకు సద్ది తెచ్చిన. ఎదురొచ్చిన, ఎనక వచ్చిన. ఎన్నడన్న కుడి, ఎడమ అంటివా నాతోని?"

"నీతోని ఎందుకంట?"

"మరేమంటివి? 'నీళ్ల దిక్కు నడువకు జారుతవ్, పొలం దిక్కు రా' అంటివి. గట్ల జెప్పరాదు? గా పిలగాడు ఏడ్సేటట్టున్నడు."

ఇద్దరూ ఆమె వైపు చూశారు. గట్టుకు ఉన్నవే రెండు దిక్కులు. కారు ఎటు పోయినా నీళ్లు నీళ్ల దగ్గరే, పొలం పొలం దగ్గరే ఉంటాయి. చిన్నయ్య కాసేపు మఫ్లర్ సర్దుకున్నాడు. శాఖ పరువు ఎక్కడైనా చెడుతుందా అని వెతికాడు. చెడటం లేదు.

"గదైతే అంట," అన్నాడు.

ఆదివారం ఉదయం, నిలబడి ఉన్న రోలర్‌ను తప్పించుకుని ఆల్టో గట్టెక్కింది. "తూము దాటంగనే నీళ్ల దిక్కు! జోర్దార్! ఇగ సక్కగ... పొలం దిక్కు, సన్నగ... మల్ల నీళ్ల దిక్కు!" పరమేశ్వర్ మడి దగ్గర గోపీచంద్ ఎడమకు, నీళ్ల దిక్కుకు, సరిగ్గా తిప్పాడు. మడిలోంచి పరమేశ్వర్ చెయ్యి ఊపాడు. అప్పుడు బండరాయి లాగిన తూము పక్కనుంచి పోతున్నప్పుడు చిన్నయ్య సీటులో కదిలాడు, తలుపు మీద చెయ్యి వేశాడు, కానీ దిగలేదు. పదకొండు కిలోమీటర్లూ ఒక్క ఊపులో అయ్యాయి.

మర్నాడు డాంబరు మొదలైంది. వారం తరువాత మెయిల్ వచ్చింది: గట్టు దారి ఎంపికైంది, రెండు వైపులా. నీళ్ల దిక్కు, పొలం దిక్కు మాటలు అలాగే ఉంచుతామన్నారు. అదే మెయిల్ అడుగున, రెండో భాగం విడుదల ఈ ఏడాది సాధ్యం కాదని, కొత్త తారీఖు త్వరలో చెబుతామని, సహనానికి కృతజ్ఞతలని ఉంది.

గోపీచంద్ కొత్త డాంబరు మీదుగా వెళ్లి, చిన్నయ్యకు రెండు ముక్కలూ చదివి వినిపించాడు.

"తారీఖే చెప్పలేదు కాకా. ఎప్పుడొస్తుందో ఏమో. అప్పటికి మన గట్టు ఎవరికీ గుర్తుండదు."

చిన్నయ్య మెరుస్తున్న నల్లటి దారి వైపు చూశాడు. బూటుతో అంచును ఒకసారి తన్ని చూశాడు. చిన్న పెచ్చు లేచింది.

"రంది పడకు. గప్పటిదాంక గీ డాంబర్ లేసిపోయి మల్ల కంకరే తేలుతది తియ్."