వైరు లేని ప్రింటరూ, తాతయ్య పాటా

మా చిన్నప్పుడు... మరీ అంత పాతకాలం కాదు లెండి, ఇళ్ళల్లోకి ఇంటర్నెట్ కొత్తగా వస్తున్న రోజులు... ఏలూరులో మా ఇంటి హాల్లో అమ్మ కొంగు బిగించి, ప్రింటరు ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుంది. "ఇది కదిలేదాకా నేను కదలను" అంది. కదల్లేదు కూడా.

దీనికంతటికీ మూలం ఆ ముందు వచ్చిన మట్టల ఆదివారం, అంటే ఈస్టరుకి సరిగ్గా వారం ముందు. మా తాతయ్య, అంటే నాన్న వాళ్ళ నాన్నగారు, మిషనరీ స్కూల్లో పంతులుగా చేసి రిటైరయ్యారు. మా చర్చిలో ఎన్నో ఏళ్ళుగా పాట ఎత్తుకునేది ఆయనే. ఆ రోజు పుస్తకంలో చిన్న అక్షరాలు కంటికి ఆనక, ఒక లైను వదిలేసి కింది లైను అందుకున్నారు... వెనక పాడేవాళ్ళు తలోదారీ పట్టారు.

తాతయ్య ఇంటికొచ్చి కండువా దండెం మీద వేస్తూ, "ఈస్టరుకి ఇంకెవరినైనా నిలబెట్టుకోమని చెప్పేస్తానమ్మా" అన్నారు. ఆయన గొంతు అంత చిన్నగా రావడం నేనెప్పుడూ వినలేదు. నాకు ఏడుపొచ్చేసింది.

"మీరే నిలబడతారండీ మావయ్యగారూ... అక్షరాలు నేను పెద్దవి చేసిస్తాను" అంది అమ్మ.

అనడమే తడవు, ఈస్టరు పాటలన్నీ టైపు చేయడం మొదలెట్టింది. కలిదిండిలో చేపల చెరువుల దగ్గర పనిచేసే నాన్న, బెజవాడ నుంచి కొత్త ప్రింటరు పట్టుకొచ్చారు. దీనికి వైరు అక్కర్లేదు, లోపలి గదిలో కంప్యూటరు మీద నొక్కితే హాల్లో కాగితం వస్తుందని గొప్పగా చెప్పి, మళ్ళీ కలిదిండి వెళ్ళిపోయారు.

మంగళవారం షాపతను వచ్చి బిగించాడు. ఒక పాట చక్కగా వచ్చింది. తాతయ్య కాగితం చూసి "చాలమ్మా, బ్రహ్మాండంగా ఉంది" అన్నారు. కానీ మర్నాడు పొద్దున ఆయన అదే కాగితాన్ని కిటికీ వెలుగులో అటూ ఇటూ తిప్పుకుంటూ చదవడం అమ్మ కంటపడింది. ఇంకా పెద్దవి కావాలన్నమాట... వెంటనే పెద్దవి చేసి నొక్కింది. రాలేదు. ప్రింటరు ఆఫ్‌లైన్ అంటుంది కంప్యూటరు. హాల్లో దాని దీపం వెలుగుతూనే ఉంది మరి!

షాపతనికి ఫోన్ చేస్తే "పండగకి ఊరొచ్చేశానండి, ఆదివారం దాటాక వస్తానండి" అన్నాడు. ఆదివారం దాటాక ఎవరికి కావాలి?

ప్రింటరు ఆపి, మళ్ళీ వేశాం. పాస్‌వర్డు మళ్ళీ కొట్టాం. ఇనప బీరువా అడ్డమేమోనని నేనూ అమ్మా రొప్పుకుంటూ పక్కకి నెట్టాం... దాని వెనక ఎప్పుడో పోయిన నా దువ్వెన దొరికింది గానీ సిగ్నల్ దొరకలేదు. నాన్న ఫోన్లో "పోనీ ఓ వైరు కొనుక్కోకూడదూ?" అంటే, "వైరు అక్కర్లేదని అంటగట్టింది మీరేనండీ!" అని పెట్టేసింది అమ్మ.

శుక్రవారం చర్చి నుంచి రాగానే అమ్మ ప్రింటరు మీద బటన్లన్నీ వరసగా నొక్కడం మొదలెట్టింది. ఒకటి నొక్కితే దాని వివరాలున్న కాగితం బయటికొచ్చింది. మంగళవారం షాపతనూ అలాంటిదే ఒకటి తీసి వదిలేసి వెళ్ళాడు. రెండూ పక్కపక్కన పెట్టి చూశాం. కంప్యూటరు దాన్ని గుర్తుపట్టే నంబరులో చివరి అంకె అప్పుడు మూడు, ఇప్పుడు రెండు. కంప్యూటరేమో పాపం ఇంకా మూడునే పిలుస్తోంది!

ఈ రెండిటినీ కలిపే ఇంటర్నెట్ డబ్బా, అదే మోడెం, ముందొచ్చినవాళ్ళకి ముందు నంబరు ఇస్తుందట. మంగళవారం ముందు కంప్యూటరు వేశాం, తర్వాతే ప్రింటరు. మరి ఇప్పుడు ప్రింటరుని ముందు వేస్తున్నదెవరు?

శనివారం తెల్లారగానే తెలిసిపోయింది. ప్రార్థన వేళ ఇంట్లో ఏ మిషనూ గుర్రుమనకూడదు తాతయ్యకి. మోకరించే ముందు మోడెం, ప్రింటరు అన్నీ కట్టేసి, లేచాక ఒక్కటీ మర్చిపోకుండా మళ్ళీ వేస్తారు. కంప్యూటరు ఎప్పుడో మధ్యాహ్నానికి గానీ వేయం.

"ఆపొద్దని తాతయ్యకి చెప్పేస్తే పోలా?" అన్నాను.

అమ్మ నా చెయ్యి పట్టుకుని వంటింట్లోకి లాక్కెళ్ళింది. "ఈ వారంలో ఆయన చేత ఇంకో తప్పు ఒప్పిస్తామా?" అంది మెల్లగా.

అప్పుడు కూర్చుంది, బాసింపట్టు వేసుకుని. ప్రింటరుకి మనమే ఒక నంబరు రాసిపెట్టొచ్చని దానితో వచ్చిన పుస్తకంలో కనిపెట్టింది. చర్చిలో ముందు బెంచీ చివర తాతయ్య చోటులా... ఎవరు ముందొచ్చినా ఆ చోటు ఆయనదే కదా, అలాగన్నమాట. ప్రింటరు మీదున్న చిన్న తెరలో, కంప్యూటరు పిలుస్తున్న ఆ మూడే వచ్చేలా ఒక్కో అంకె మార్చడానికి బాణం గుర్తు నొక్కి నొక్కి అమ్మ బొటనవేలు కందిపోయింది. తర్వాత అన్నీ ఆపి, అచ్చం తాతయ్య వేసే వరసలోనే వేసింది. కంప్యూటరు మీద నొక్కింది...

బరబరా వచ్చాయండీ కాగితాలు! ఒక్కో అక్షరం ఉసిరికాయంత!

"మిషను బాగైందామ్మా?" అన్నారు తాతయ్య పడక్కుర్చీలోంచి.

"దానికి కాస్త మతిమరుపండీ... తగ్గింది" అంది అమ్మ, నవ్వాపుకుంటూ.

ఈస్టరు నాడు తాతయ్య గొంతు మళ్ళీ వెనక బెంచీ దాకా వినిపించింది. అమ్మ మాత్రం పాడలేదు, కొంగుతో కళ్ళొత్తుకుంటూ నిలబడింది. ఆరాధన అయ్యాక ముసలమ్మలందరూ అమ్మని చుట్టేశారు... "మాక్కూడా అలా పెద్దచ్చరాలు తీసిపెట్టవే అమ్మా" అని. ఆ తర్వాత ప్రతి శనివారం మా హాల్లో ప్రింటరు మోతే. లింగమ్మ అనీ మరియమ్మ అనీ కాగితాల మీద పెన్సిల్‌తో పేర్లు రాయడం నా పని. ఎవరికి ఎంత పెద్ద అక్షరం కావాలో అమ్మకి నోటికి వచ్చు.

తాతయ్య ఇప్పుడు లేరు. ప్రింటర్లు ఇప్పుడు వాటంతటవే కలుస్తున్నాయి, ఎవరూ కింద కూర్చోనక్కర్లేదు. మా చర్చిలో గోడ మీద పెద్ద తెర పెట్టారు, పాటలన్నీ దాని మీదే. అక్షరాలు చాలా పెద్దవి... కానీ అవి ఎవరి కళ్ళని తలుచుకుని చేసినవీ కావు.

మీ ఇంట్లో కూడా ఒక మనిషి కోసం మిషనుతో ఇలా మొండికేసినవాళ్ళు ఉండే ఉంటారు... వాళ్ళ సంగతి కింద రాయండి, అమ్మకి చదివి వినిపిస్తాను. తన కళ్ళకీ ఇప్పుడు చిన్న అక్షరాలు ఆనడం లేదు.