మా మేనత్తకు వినబడని పిలుపు

మిర్యాలగూడలో మా మేనత్త పోయింది. మొన్న పొద్దున ఆమె కొడుకు ఫోన్ చేసి, "వదినా, అమ్మ ఇగ లేదు," అన్నాడు. సరే అన్నాను. పొయ్యి మీది పాలు దించి సూర్యాపేట బస్టాండుకు నడిచాను. ఇప్పటికీ ఏడుపు రాలేదు. గుర్తున్నది రాస్తున్నాను, అంతే.

అత్తవాళ్ల ఇల్లు బియ్యం మిల్లు పక్కనే. అత్త చెవి దురద పెడితే పిన్నీసు తీసి తిప్పుకునేది. వద్దంటే, "జర హాయిగుంటది బిడ్డా," అనేది. పోను పోను ఆమెకూ కోడలికీ మాటలు తగ్గాయి. "పిలిస్తే పలకదు అక్కా, నేనంటే గిట్టదు," అని కోడలు. "నాతోని మాట్లాడుడే బంద్ చేసింది," అని అత్త. ఒకే ఇంట్లో రెండు పొయ్యిలు పెట్టుకున్నారు.

ఒకసారి మా ఇంటికొచ్చినప్పుడు వెనక నుంచి పిలిచాను. తిరగలేదు. మళ్లీ పిలిచాను. అప్పుడు చెవులు వినబడట్లేదని అర్థమై, సూర్యాపేటలోనే చెవుల డాక్టరుకు చూపించాను.

"గుబిలి గట్టిపడి అడ్డం కూర్చుంది. గోకినకొద్దీ లోపలికి పోయింది," అన్నాడాయన లైటు వేసి చూసి.

"నూనె కాచి పొయ్యాల్నా సార్?" అని అడిగాను.

"అస్సలొద్దు. కర్ణభేరికి చిల్లుంటే ఏ చుక్కలైనా ప్రమాదమే. ఈమెకు లేదు కాబట్టి గుబిలి మెత్తబడే మందు రాస్తున్నా. తర్వాత నేనే తీస్తా."

కొన్నాళ్లకు మళ్లీ వెళ్తే సన్నటి గొట్టంతో లాగేశాడు. అత్త చెయ్యి కదిపి ఉలిక్కిపడింది. "నా గాజులు గింత సప్పుడు చేస్తయా!"

నేనే ఇంటికి తీసుకెళ్లాను. కోడలు వంటింట్లోంచి తల తిప్పకుండానే, "అత్తమ్మా, చాయ్ తాగుతవా?" అంది.

అత్త గడపలోనే ఆగిపోయింది. "రోజూ గిట్లనే అడుగుతున్నవా?"

"రోజూ అడుగుతున్న."

"నాకు ఇనబడలే బిడ్డా," అంటూ అక్కడే కూర్చుంది. కోడలు చాయ్ గ్లాసు తెచ్చి ఆమె చేతిలో పెట్టింది. మర్నాటి నుంచి ఒకటే పొయ్యి.

ఆ తర్వాత ఎవరు చెవిలో పుల్ల పెట్టినా అత్త ఊరుకునేది కాదు. కోదాడలో ఒక పెళ్లిలో, బైకు తాళంతో చెవి తిప్పుకుంటున్న మగపెళ్లివారి పెద్దమనిషి చెయ్యి పట్టుకుంది. "సెవిల ఏం పెట్టకు అన్నా. దురదైతే దవాఖానకు పో." ఆయన తాళం జేబులో వేసుకున్నాడు.

మొన్న నేను చేరేసరికి అత్తను వాకిట్లో పడుకోబెట్టారు. ముక్కులో, చెవుల్లో దూది పెట్టారు. చుట్టూ జనం ఏదేదో మాట్లాడుతున్నారు. కోడలు ఆ దూది వైపే చూసింది. తర్వాత అత్త కొంగు మెల్లగా పైకి జరిపి ఆ రెండు చెవులూ కప్పింది.