నీలం మచ్చ

గోదావరిఖనిలో పెయింటర్ రఘుపతి కొట్టుకు మనుషులు పోయాకే వస్తారు. గనిలో పనిచేసి కన్నుమూసినవాళ్ల ఐడీ కార్డు ఫోటో చూసి పెద్ద బొమ్మ గీసివ్వడం ఆయన బతుకుదెరువు. నల్లటివాణ్ని తెల్లగా చేస్తాడు, కోటు తొడుగుతాడు. గాయంలోకి బొగ్గుపొడి దిగి చర్మం కింద నీలంగా మిగిలిపోయే మచ్చనైతే గీయనే గీయడు. ముప్పయ్యేళ్లలో ఎవరూ అదేమని అడగలేదు.

లైబ్రరీలో దొరికిన ఒక జర్మన్ తత్వవేత్త పుస్తకమంటే ఆయనకు ప్రాణం. బతుకంతా కోరికల గోలేననీ, మంచి బొమ్మ ముందో పాట ముందో కాసేపు ఆ గోల ఆగి ఉన్నది ఉన్నట్టు కనిపిస్తుందనీ అందులో ఉంది. చాయ్ హోటల్లో అందరికీ అదే చెప్పేవాడు. తను గీసేవన్నీ అబద్ధాలేనని మాత్రం తట్టలేదు, ఏం మనిషో!

మొన్న వానాకాలంలో పోశవ్వ వచ్చింది. గనిలో పనిచేసిన ఆమె భర్త రాయమల్లు జబ్బుచేసి పోయి నెలయింది.

"అన్నా, నొసటి మీది మచ్చ తియ్యకు. గదే ఆయన."

"బొమ్మల సాఫ్ కనబడాలె గద చెల్లె?"

"సాఫ్ ఉన్నాయన ఎవరో నాకు తెల్వదన్నా."

మచ్చతోనే గీశాడు. బొమ్మ చూసి ఆమె ఏడుస్తుందనుకున్నాడు. ఏడవలేదు. వాననూ, రోడ్డునూ, పక్కనున్న రఘుపతినీ మరిచిపోయి అలా చూస్తూ నిలబడింది. "వచ్చిండు," అంది చివరికి. పుస్తకంలో ఉన్నది ఇదేనని ఆయనకప్పుడు తెలిసింది.

గబగబా ఇంటికి పోయాడు. భార్య సంధ్యారాణి పోయి ఆరేళ్లు. చిన్నప్పుడు నూనె చిట్లి ఆమె చెంప మీద మచ్చ పడింది. దానితో సహా ఒక్కసారి గీస్తే తనకూ ఆమె వస్తుంది. అంతకంటే ఇంకేమీ వద్దనిపించింది.

గోడమీది ఫోటో దించాడు. చెంపలు రెండూ నున్నగా ఉన్నాయి. పెళ్లైన కొత్తలో, ఆమె మురిసిపోతుందని తనే రంగువేసి మచ్చ తుడిచేశాడు. ఆమె "మంచిగుంది" అని లోపలికి పోయింది. ఇంట్లో వేరే ఫోటో లేక ఆధార్ కార్డు వెతికాడు. అందులో మొహమే తెలియలేదు. పెన్సిల్ పట్టుకున్నాడు. ఎడమ చెంపా, కుడి చెంపా? ఎంత తన్నుకున్నా గుర్తు రాలేదు.

సిగ్గు చంపుకుని మంచిర్యాలలో ఉన్న కూతురు హర్షిణికి ఫోన్ చేశాడు.

"ఎడమ దిక్కు బాపూ," అంది ఆ పిల్ల వెంటనే. "నువ్వు ఇంట్ల ఉంటే గా చెంప కనబడకుంట అటు మర్లి కూసునేది అమ్మ. నీకు తెల్వదా?"

రఘుపతి ఫోన్ పెట్టేశాడు. పెన్సిల్ కూడా పెట్టేశాడు.