తమ్ముడి తలకు పట్టించిన ఆముదం

మా ముత్తాత ఆళ్లగడ్డ దగ్గర మా ఊరికి మునసబు. ఆయన వీధిలోకి వస్తే అరుగుల మీద కూర్చున్నవాళ్లు లేచి నిలబడేవారు. మా తాత పంచాయితీ చెప్పాక ఎవరూ కోర్టు మెట్లెక్కలేదు. అలాంటి ఇంట్లో నా తమ్ముడు గోడవైపు తిరిగి, అక్కడ లేని మనుషులకు జవాబులు చెప్పడం మొదలుపెట్టాడు. పెళ్లి పిలుపులు వస్తే వాడికి నలతగా ఉందని చెప్పి నేనొక్కణ్ణే వెళ్లేవాణ్ణి.

చివరికి నంద్యాలలో మనసు జబ్బుల డాక్టరుకు చూపించాం. ఆమె వాడితో చాలాసేపు మాట్లాడి, స్కిజోఫ్రీనియా అయి ఉండవచ్చన్నారు. నోటిమాట మీద మా వంశానికి ఆ పేరు అంటగడితే ఒప్పుకోనన్నాను. రుజువు అడిగాను.

అప్పుడామె ఒక పరీక్ష సంగతి చెప్పారు. తలకు తీగలు అంటించి, చెవుల్లో ఒకే శబ్దం మళ్లీ మళ్లీ వినిపిస్తారు. మధ్యమధ్య వేరే శబ్దం వస్తుంది. మనం పట్టించుకోకపోయినా మెదడు ఆ తేడాకు ఉలిక్కిపడుతుంది. ఈ జబ్బున్న చాలామందిలో ఆ ఉలికిపాటు తక్కువ. దీనొక్కదానితో జబ్బు తేల్చలేమని, పరిశోధన ఇంకా సాగుతోందని, తన అంచనాకు తోడుగా మాత్రమే చూస్తానని కూడా చెప్పారు. ఆ మాట నేను చెవిన పెట్టలేదు. యంత్రం మమ్మల్ని నిర్దోషులుగా వదిలేస్తుందనుకున్నాను.

పరీక్షకు నూనె లేని తలతో రమ్మన్నారు. మా ఇంట్లో అలా గడప దాటేది చావు రోజున మాత్రమే. అమ్మ పొద్దున్నే వాడికి ఆముదం పట్టించి, నున్నగా దువ్వి బయల్దేరదీసింది. నాకూ అదే సబబనిపించింది.

"ఏందప్పా ఇది? తీగలు యాడ అంటుకుంటాయి?" అన్నాడు టెక్నీషియన్.

ఆసుపత్రి వెనక కొళాయి కింద వాణ్ణి కూర్చోబెట్టి నేనే తల రుద్దాను. నీళ్లకు వచ్చినవాళ్లు బిందెలు దించి చూశారు. అమ్మ మొహం తిప్పుకుంది.

పరీక్ష జరిగినంతసేపూ వాడు, చెవుల్లో శబ్దాల మీదికి ధ్యాస పోకుండా వాళ్లు పెట్టిన శబ్దం లేని సినిమా చూస్తూ బుద్ధిగా కూర్చున్నాడు. డాక్టరు గీతలు చూపించారు. ఉలికిపాటు తక్కువే. తన అంచనాకు అది సరిపోతోందని, ఇక మందులు ఆలస్యం చేయవద్దని అన్నారు.

తమ్ముడు జుట్టుకంటిన జిగురు తుడుచుకుంటూ నవ్వాడు. "నాకు వినపడేది వీళ్లకు వినపడదు. వీళ్లు వినిపించేది నా తలకెక్కదు. సరిపాయె గదన్నా."

మందులు వేయాలా వద్దా అన్నట్టు అమ్మ నావైపు చూసింది.

"ఏసుకుంటాడు లేమ్మా" అన్నాను.

వారం వారం చూపించాలి కాబట్టి నంద్యాలలో అద్దెకు దిగాం. ఆ ఎండాకాలం ఖర్చుల కోసం ఊళ్లో మా ముత్తాత నాటి మేడ పడగొట్టించి, టేకు దూలాలూ వాకిలి తలుపులూ కలప వ్యాపారికి అమ్మేశాం.