అత్త వేసే లైటు

పోయిన వారం మా మేనత్త కన్నుమూసింది. "అవ్వ పోయింది, జల్ది రా" అని ఆమె పెద్దకొడుకు, మా బావ, ఫోన్ చేస్తే కరీంనగర్‌లో మంథని బస్సెక్కాను. దారంతా ఏడుపు రాలేదు, కోపమే వచ్చింది. పోయినవాళ్ళ గురించి మెత్తగా రాయాలంటారు. అత్త గురించి మెత్తగానే రాస్తాను. మిగతావాళ్ళ సంగతి మాట ఇవ్వలేను.

అత్తది పాత పెంకుటిల్లు. మందపాటి మట్టిగోడలు, మధ్యాహ్నం కూడా మసకే. పొద్దుగూకే వేళకు కాళ్ళు కడుక్కుని వచ్చి, నడింట్లో స్విచ్చి వేసి, వెలిగిన బల్బుకు చేతులు జోడించేది. మన ఇళ్ళలో చాలామందికి ఉన్న అలవాటే. అత్త దానికి సొంతంగా ఒక కట్టడి కలిపింది. "దీపం పెట్టినంక ఎవ్వల్నీ తిట్టద్దు" అనేది. ఆ మాట ఇంట్లో అందరి మీదా చెల్లేది.

చిన్నప్పుడు నేను సెలవులకు అక్కడే ఉండేదాన్ని. ఒకసారి లెక్కల పరీక్ష తప్పానని తెలిసి మా బాపు మండిపడుతూ వచ్చాడు. వాకిట్లో ఇంకా ఎండ ఉంది. అత్త గబగబా లోపలికి పోయి లైటు వేసింది.

"గిప్పుడేం దీపమక్కా, పొద్దే గూకలే" అన్నాడు బాపు.

"నా ఇంట్ల గూకింది. కూసో, చాయ్ తాగు."

బాపు కూర్చున్నాడు. నేను బతికిపోయాను.

బావకు పెద్దపల్లిలో కరెంటు సామాన్ల దుకాణం. ఈమధ్య మనిషి కదిలితే వాటంతటవే వెలిగి, కదలకపోతే ఆరిపోయే లైట్లు ఇల్లంతా పెట్టించాడు. చీకట్లో అవ్వ పడకూడదని అన్నాడు. అబద్ధం కాదు, ఒకసారి గడప తట్టుకుని పడింది కూడా. కానీ పాత ఇళ్ళలోనూ ఇవి పనిచేస్తాయని దుకాణానికొచ్చే గిరాకీలను తెచ్చి చూపించడమే చివరికి అసలు పని అయింది. గోడ మీది స్విచ్చి ఎప్పుడూ వేసే ఉంచాలి. ఆపితే ఆ లైట్లకు కరెంటే అందదు.

అత్త చెయ్యి ఊరుకుంటుందా? సాయంత్రం కాగానే అలవాటుగా స్విచ్చి నొక్కేది. ఉన్న వెలుతురు పోయేది. ఆ చీకట్లోనే చేతులు జోడించేది. ఒకరోజు గిరాకీల ముందే అలా జరిగింది. "ఎన్నిసార్లు చెప్పాలె అవ్వా? జర దిమాగ్ ఉండాలె" అని బావ అరిచాడు. సరిగ్గా దీపాల వేళ. నేనక్కడే ఉన్నాను. మర్నాడు ఆ స్విచ్చి ఎవరూ ముట్టకుండా టేపు అంటించాడు.

తర్వాత వెళ్ళినప్పుడు, లైటుకు దండం పెట్టడం ఎందుకు మానేశావని అడిగాను.

"నేను పెట్టింది కాదాయె బిడ్డా. పిల్లి అడ్డం పోయినా ఎలుగుతది. దానికి ఎప్పుడని మొక్కాలె?"

ఇంట్లో ఎవరు ఎవరిని తిట్టుకున్నా ఆమె మళ్ళీ నోరు విప్పలేదు. ఆ ఇంట్లో ఆమెకున్న పెద్దరికమంతా ఆ స్విచ్చి దగ్గరే ఉండేది. దాన్ని కన్నకొడుకే తీసేసుకున్నాడు. ఇది నేను మరచిపోను.

అత్త పోయిన రోజు ఆదిలాబాద్ నుంచి ఆమె కూతురు రావాలి. బస్సు ఆలస్యమైంది, పొద్దుగూకిపోయింది. చీకటిపడ్డాక దహనం చెయ్యరని అత్తను నడింట్లోనే పడుకోబెట్టి ఉంచారు.

"పొద్దుండంగనే తీద్దామంటె ఇన్నవా?" అని బావ తన తమ్ముడి మీదికి లేచాడు.

"కన్నబిడ్డ సూడద్దా? నీకన్నీ తొందరనే" అని తమ్ముడూ లేచాడు.

వాళ్ళ కదలికకు, అందాకా ఆరి ఉన్న పైన లైటు దానంతటదే వెలిగింది. అత్త ముఖం మీద వెలుతురు పడింది. ఎవరూ ఆగలేదు. వాళ్ళు చేతులు ఊపుతూ అరుచుకున్నంతసేపూ ఆ లైటు ఆరలేదు.