పెద్దనాయన తిట్టిన మొక్కలు

మా పెద్దనాయన పోయిన రోజు నేను అంచెట్టి పైన, ఒకరి పట్టా అడవిలో సర్వే పనిలో ఉన్నాను. ఆ కొండల్లో ఫోన్‌కు సిగ్నల్ ఉండదు. సాయంత్రం బస్సు కోసం కిందికి దిగేసరికి ఫోన్ ఆగకుండా మోగడం మొదలుపెట్టింది. మొదట కనబడింది మా అన్న, అంటే పెద్దనాయన కొడుకు, పెట్టిన స్టేటస్. పెద్దనాయన ఫొటో, దాని వెనక ఏ దేశానివో మంచు పడిన చెట్లు, కింద పెద్ద అక్షరాల్లో "మొక్కలు నాటిన మహనీయుడు ఇక లేరు" అని. ఆ మనిషి జీవితంలో ఒక్క మొక్క నాటలేదు. నాటేవాళ్ళను చూస్తే ఆయనకు ఒళ్ళు మండేది. బస్టాండులో నిలబడి మొదట నవ్వాను, తర్వాత ఏడ్చాను. టీ అంగడి ఆమె "ఏమైందమ్మా?" అని అడిగితే ఫోన్ ఆమె వైపు తిప్పి చూపించాను.

హోసూరు చుట్టుపక్కల సొంత అడవి ఉన్నవాళ్ళకు హద్దులు కొలిచి, ఏ వాలులో ఏ చెట్టుందో పటం గీసిచ్చి, దాన్ని ఎట్లా కాపాడుకోవాలో చెప్పడం ఆయన పని. చెప్పడం అని మర్యాదకు రాస్తున్నాను. నిజానికి తిట్టేవాడు. శవం దగ్గరికి వచ్చినవాళ్ళంతా శాంతమూర్తి, పచ్చని మనసు, ఎవరినీ నొప్పించని మనిషి అని వరసగా అబద్ధాలు చెప్పి, కాఫీ తాగి పోయారు. వాళ్ళలో ఆయన తిట్లు తినని మొహం ఒక్కటీ లేదు. ఆయనకు కొత్త చొక్కా తొడిగి పడుకోబెట్టారు. ముళ్ళకు తగులుకొని భుజం దగ్గర చిరగని చొక్కాలో ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు. ఇస్త్రీ మడతల్లో ఉన్న ఆ మనిషి ఎవరో అనిపించింది, దుఃఖం కంటే కోపమే ఎక్కువ వచ్చింది.

నాకు ఈ పని నేర్పింది ఆయనే. నేర్పడం అంటే, మొదటి రోజు నన్ను ఒక కలివి పొద పక్కన కూర్చోబెట్టి, "నోరు మూసుకొని చూడు. సాయంత్రం వస్తా" అని వెళ్ళిపోయాడు. నేను ఎండలో విసుక్కుంటూ, ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాను. వచ్చి, పొద లోపల ఏముందో చెప్పమన్నాడు. ముళ్ళు అన్నాను.

"నీ మొహం. ఇంతసేపూ దేనిని చూసినావు?" అంటూ కొమ్మలు చేత్తో పక్కకు జరిపి చూపించాడు. లోపల నీడలో చిన్న చందనం మొక్క, దాని పక్కన వేలెడంత నారేప మొక్క ఉన్నాయి. మేకలు నోరు పెట్టలేని చోటు అది. "ముల్లుంటేనే లోపల చెట్టు పెరుగుతాది. నువ్వు చదివింది యాడ? ఆడికే పోయి డబ్బులు వాపసు అడుగు."

నేను ఆ రాత్రి ఇక రానని ఇంట్లో చెప్పాను. పొద్దున్నే వచ్చి బండి హారన్ కొట్టాడు. వెళ్ళాను.

ఆయన పద్ధతి మిగతా సర్వేవాళ్ళకు గిట్టేది కాదు. మామూలుగా అడవిలో కొలత తీయాలంటే, చూపు నేరుగా పోవడానికి అడ్డమొచ్చిన పొదలన్నీ నరికి బాట చేస్తారు. ఈయన ఒక్క కొమ్మ నరకనిచ్చేవాడు కాదు. చెట్టు అడ్డం వస్తే పక్కకు జరిగి కొలిచి, మళ్ళీ లోపలికి వచ్చి, ఆ తేడాను ఇంట్లో కూర్చొని లెక్కలో సరిచేసేవాడు. పూటలో అయ్యే పని మాకు వారం పట్టేది. కొడవలి పట్టుకొచ్చిన కూలీని గేటు దగ్గరే వెనక్కి పంపేవాడు. "గీత వంకరబోతే లెక్కతో సరిచేస్తా. చెట్టు పడితే ఏ లెక్కతో నిలబెడతావప్పా?" అని అడిగేవాడు. ఇంకో అలవాటు కూడా ఉండేది. అడవి అంచుకు చేరి బండి ఆపాక వెంటనే లోపలికి పోనిచ్చేవాడు కాదు. "ఇంజను ఆగినాక పిట్టలు తిరిగి వచ్చేదానికి కొంచేపు పడుతుంది. అంతసేపు కాచుకోలేనోడు ఇంట్లో టీవీ చూసుకోవాల" అనేవాడు.

ఒకసారి బాగలూరు వైపు నుంచి ఒక పెద్దమనిషి వచ్చాడు. కెలమంగలం దగ్గర అడవి నేల కొన్నాడట. అడవి అంటే తనకు ప్రాణమట. ఈ పిచ్చి తుప్పలన్నీ తీసేసి, వరసగా మంచి మొక్కలు నాటించి, మధ్యలో పచ్చగడ్డి వేయిస్తే ఎట్లా ఉంటుందని అడిగాడు. పెద్దనాయన ఆయన్ని కిందినుంచి పైదాకా చూశాడు.

"నీకు అడవి వద్దప్పా. కుర్చీలేసుకొనే జాగా కావాల. కల్యాణమంటపం కొనుక్కో."

"అట్లంటారేం సార్? నాటితేనే కదా అడవి వచ్చేది?"

"నాటేదానికి కాకులుండాయి. నీకేం పని?"

ఆ మాట ఆయన నోట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. కాకీ, కోకిలా పళ్ళు తిని, పొదల మీద వాలి రెట్ట వేస్తే, ఆ గింజ ముళ్ళ నీడలో మొలుస్తుంది. మనిషి చేయవలసిందల్లా గొడ్డలిని దూరంగా పెట్టడం, మేకల్ని తోలడం, అక్కడక్కడా పాకుతున్న లంటానా కలుపును వేళ్ళతో సహా పీకడం. అంతే. ఫొటోకు పనికొచ్చేది ఏమీ ఉండదు కాబట్టి ఎవరికీ నచ్చదు.

డెంకణికోట దాటాక అంచెట్టి దారిలో మా ఇంటివాళ్ళదే ఒక వాలు ఉంది. ఆయన బతికున్నన్నాళ్ళూ దాన్ని ఎవరినీ ముట్టనివ్వలేదు. ఆయన పోయాక అది అన్న చేతికి వచ్చింది. అన్న హోసూరులో ప్లాట్లు అమ్ముతాడు. తండ్రి పేరు మీద అక్కడ స్మృతివనం పెడతానన్నాడు. కాకికి పిండం పెట్టే దినం రోజునే, వచ్చిన బంధువుల ముందరే, జేసీబీతో తుప్పలన్నీ ఊడబెరికి వరసగా గుంతలు తీసి, నర్సరీ నుంచి తెప్పించిన ఎర్రపూల మొక్కలు నాటిస్తాడట. తండ్రి జీవితమంతా ఏ పని చేసినవాళ్ళను తిట్టాడో, సరిగ్గా అదే పని తండ్రికి నివాళి. ఇంతకంటే తెలివితక్కువ కొడుకును కనాలంటే కష్టం. ఫోన్‌లో పోట్లాడాను. "నీకు నాయిన మీద ప్రేమ లేదమ్మా" అని పెట్టేశాడు.

దినం నాడు నేను వెళ్ళేసరికి వాలు కింద షామియానా, మైకు, పాటలు. జేసీబీ ఇంజను ఆన్‌లోనే ఉంది. రెండు వెదురుగడలకు ఫ్లెక్సీ కట్టారు. మధ్యలో పెద్దనాయన చేతిలో, కంప్యూటర్‌లో అతికించిన మొక్క ఒకటి. పక్కన అన్న దండం పెడుతూ, తండ్రి కంటే పెద్దగా ఉన్నాడు. నల్ల కవర్లలో మొక్కలు ట్రాక్టరులో వాడిపోతూ ఉన్నాయి.

పెద్దమ్మ రాగిసంగటి, వడలు ఆకులో పెట్టి బండమీద ఉంచింది. కాకి ముట్టేదాకా ఎవరూ తినకూడదు. పక్కనే జువ్విచెట్టు పండ్లతో ఎర్రగా ఉంది, కానీ ఒక్క కాకీ లేదు. అన్న తెల్లచొక్కాలో నిలబడి కా కా అని పిలిచాడు. బంధువులు ఫోన్లెత్తి పట్టుకొని కాచుకున్నారు. ఎండ ముదిరింది, పిల్లలు ఏడుపు మొదలుపెట్టారు.

"ఆయప్పకేదో కోరిక మిగిలినట్టుండాది. మాటియ్యరా" అన్నాడు పెద్దమ్మ తమ్ముడు.

అన్న మైకు అందుకున్నాడు. "నాయినా, నీ వనానికి పెద్ద ఆర్చి కట్టిస్తా." కాకి రాలేదు. "రంగు లైట్లు పెట్టిస్తా." రాలేదు. "నీ విగ్రహం చేయిస్తా." ఆ మాటకు నేను తల దించుకొని నవ్వాపుకున్నాను. ఇంజను దడదడకూ, మైకు గోలకూ కాకి కాదు కదా, దయ్యం కూడా ఆ దరిదాపులకు రాదు. తండ్రి పక్కన పెరిగి ఆ మాత్రం తెలుసుకోలేదు. అప్పుడు తోచింది నాకు.

"అన్నా, ఆ జేసీబీని, మైకును ఆపించు. చేతిలో నీళ్ళు తీసుకొని, ఈ వాలును ముట్టను అని చెప్పి చూడు."

"అదేందిమ్మా, ఇంతమందిని పిలిచినాక..."

"చెప్పరా" అంది పెద్దమ్మ. "మీ నాయిన అడిగేది అదే."

అన్న అందరి మొహాలూ చూశాడు. ఆకలి మీదున్న బంధువుల్లో ఒక్కడూ అతని పక్క లేడు. నీళ్ళు వదిలాడు. "నాయినా, నీ వాలును ముట్టను. ఎవరినీ ముట్టనియ్యను." ఇంజను ఆగింది. పాట ఆగింది. నేను చేతులు కట్టుకొని, ఆయన నేర్పినట్టే, నోరు మూసుకొని కాచుకున్నాను. కాసేపటికి పొదల్లో పికిలిపిట్ట కూసింది. ఇంకాసేపటికి జువ్విచెట్టు మీద ఒక కాకి వాలింది, పళ్ళు తింది, కిందికి దిగి సంగటి ముద్దను పొడిచింది.

అందరూ దండాలు పెట్టారు. అన్న భోరున ఏడ్చాడు. అది నటన కాదు. ఆ ఒక్క నిమిషం అతని మీద నాకు జాలి కలిగింది. పెద్దమ్మ నా పక్కకొచ్చి మెల్లగా అంది, "ఇంజను ఆపితే వస్తాదని నాకూ తెలుసులేమ్మా. ఆయప్పతో కాపురం చేసినదాన్ని."

ఆ కాకి లేచి పోతూ ఫ్లెక్సీ మీద కూర్చొని, అన్న దండం పెడుతున్న చేతులమీదుగా తెల్లగా ఒక రెట్ట వేసింది. అన్న తువ్వాలు తీశాడు. నేను చెయ్యి పట్టుకొని ఆపాను.

"తుడవద్దన్నా. జువ్వి గింజలుంటాయి."

అంతమంది ముందు నీళ్ళు వదిలి చెప్పిన మాట. తప్పితే రేపు అతని దగ్గర ప్లాటు కొనే బంధువు ఉండడు, ఆ భయమే ఆ వాలుకు కంచె. వానలు పడ్డాక మొన్న వెళ్ళి చూశాను. ఫ్లెక్సీలో మొహాలన్నీ వెలిసిపోయాయి. దాని కింద, బండ చీలికలో, రెండాకుల జువ్వి మొలక ఉంది. దానికి నీళ్ళు పొయ్యాలని సీసా మూత కూడా తీశాను. పొయ్యలేదు. పోస్తే తిడతాడు.